పవర్ బీఐ రిపోర్టులో విజువల్స్‌ను గ్రూపులుగా చూపించడం, దాచడం ఎలా?

ఒకే పేజీలో ఒక బటన్ నొక్కితే చార్టులు, ఇంకో బటన్ నొక్కితే పట్టికలు కనిపించేలా చేయడం ఎలాగన్నది పవర్ బీఐ (డేటాను చార్టులు, పట్టికల రిపోర్టులుగా చూపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న. దాని వెనకాలే రెండో ప్రశ్న కూడా వస్తుంది: “అంతా చేశాను, కానీ బటన్ నొక్కగానే నేను ఎంచుకున్న జిల్లా మారిపోతోంది, ఎందుకు?” మొదటి ప్రశ్నకు జవాబు చాలాచోట్ల దొరుకుతుంది, రెండోదానికి అంత తేలిగ్గా దొరకదు. అందువల్ల ఈ వ్యాసంలో పద్ధతిని వరుసగా చెబుతూనే, అది ఎక్కడ దారి తప్పుతుందో ఎక్కువ వివరంగా రాస్తున్నాను.

ఉదాహరణ కోసం ఒక ఎరువుల పంపిణీదారు అమ్మకాల రిపోర్టును ఊహించుకుందాం. పేజీ పైభాగంలో జిల్లా, సీజను అనే రెండు స్లైసర్లు (చదివేవారు తమకు కావలసినది ఎంచుకునే ఫిల్టరు పెట్టెలు) ఉన్నాయి. వాటి కింద జిల్లాల వారీ బార్ చార్టు, నెలవారీ లైన్ చార్టు, ఎరువు రకాల డోనట్ చార్టు ఉన్నాయి. మేనేజర్లకు ఇవి చాలు. లెక్కలు చూసే సిబ్బందికి మాత్రం మండలాల వారీ మ్యాట్రిక్స్, డీలర్ల వారీ పట్టిక కావాలి. ఈ ఐదు విజువల్స్ ఒక్క పేజీలో పెడితే దేన్నీ సరిగా చదవలేం. అందువల్ల మూడు చార్టులను ఒక గ్రూపుగా, రెండు పట్టికలను మరో గ్రూపుగా చేసి, రెండింటినీ ఒకే చోట ఒకదానిపై ఒకటి ఉంచి, ఒక సమయంలో ఒక్కటే కనిపించేలా చేస్తాం.

ముందుగా కావలసినవి

విండోస్ కంప్యూటర్‌లో పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉండాలి. ఇది ఉచితంగానే దొరుకుతుంది కానీ మ్యాక్‌లో నేరుగా పనిచేయదు. రిపోర్టును ఇతరులకు పంచాలంటే ఆఫీసు లేదా విద్యాసంస్థ ఇచ్చిన ఖాతాతో పవర్ బీఐ సర్వీసులోకి (రిపోర్టులను ఆన్‌లైన్‌లో పంచుకునే చోటు) వెళ్లగలగాలి. డేటా లోడ్ అయి, విజువల్స్ అన్నీ తయారై, అంకెలు సరిపోయాయని నిర్ధారించుకున్న తరువాతే ఈ పని మొదలుపెట్టండి. దాచడం, చూపించడం అనే పని రిపోర్టు తయారీలో చివరి దశలో చేయవలసినది. మధ్యలో చేస్తే, ఆ తరువాత చేర్చిన ప్రతి విజువల్‌కూ బుక్‌మార్క్‌లను (పేజీ స్థితిని గుర్తుంచుకునే అమరికలను) మళ్లీ సరిచేసుకోవలసి వస్తుంది.

మొదలుపెట్టే ముందు మీ రిపోర్టు ఉన్న పీబీఐఎక్స్ ఫైలుకు వేరే పేరుతో ఒక నకలు తీసి పెట్టుకోండి. బుక్‌మార్క్‌ను ఒకసారి పొరపాటుగా అప్‌డేట్ చేస్తే పాత స్థితి ఏమిటో గుర్తుండదు.

పద్ధతి

1. వ్యూ ట్యాబ్‌లోకి వెళ్లి సెలక్షన్, బుక్‌మార్క్స్ అనే రెండు పేన్‌లను (పక్క పలకలను) తెరవండి. సెలక్షన్ పేన్‌లో పేజీలో ఉన్న ప్రతి వస్తువు పేరూ, దాని పక్కన కన్ను గుర్తూ కనిపిస్తాయి. ఆ కన్ను మీద నొక్కితే ఆ వస్తువు దాగుతుంది, మళ్లీ నొక్కితే కనిపిస్తుంది. పవర్ బీఐ ప్రతి నెలా కొత్త విడుదలతో వస్తుంది కాబట్టి మెనూలు కొద్దిగా అటూ ఇటూ మారుతుంటాయి, పేన్‌ల పేర్లను పట్టుకుని వెతకండి.

2. ప్రతి విజువల్‌కూ అర్థమయ్యే పేరు పెట్టండి. సెలక్షన్ పేన్‌లో పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే మార్చుకోవచ్చు. చాలామంది ఈ మెట్టును దాటేస్తారు. తీరా చూస్తే పేన్‌లో ఒకే పేరుతో మూడు బటన్లు, రెండు షేపులు వరుసగా ఉంటాయి, ఏది ఏదో తెలియక తప్పు వస్తువును దాస్తారు. “బార్ – జిల్లాలు”, “మ్యాట్రిక్స్ – మండలాలు” అన్నట్లుగా ముందు విజువల్ రకం, తరువాత విషయం రాస్తే వెతకడం సులువు. పేర్లు తెలుగులో పెట్టినా ఏ ఇబ్బందీ ఉండదు.

3. కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని మూడు చార్టులనూ ఎంచుకోండి. రైట్ క్లిక్ చేసి గ్రూప్ అనే మెనూలో గ్రూప్‌ను ఎంచుకోండి. సెలక్షన్ పేన్‌లో ఆ మూడూ ఒక గ్రూపు కిందకు చేరతాయి. దానికి “గ్రూపు – చార్టులు” అని పేరు పెట్టండి. రెండు పట్టికలకూ ఇదే విధంగా చేసి “గ్రూపు – పట్టికలు” అని పేరు పెట్టండి. చార్టుల వెనక వేసిన రంగు డబ్బాలు, వాటి శీర్షికలుగా వాడిన టెక్స్ట్ బాక్సులు ఉంటే వాటినీ అదే గ్రూపులో చేర్చండి. లేకపోతే చార్టులు దాగిన తరువాత వాటి శీర్షికలు మాత్రం గాలిలో వేలాడుతూ మిగిలిపోతాయి.

హెచ్చరిక: స్లైసర్లను, చూపించే-దాచే బటన్లను ఏ గ్రూపులోనూ చేర్చకండి. స్లైసర్ల విషయం కింద వివరంగా చెబుతాను. బటన్ల విషయం ఊహించుకోవచ్చు: బటన్ తానే దాగిపోతే, చదివేవారికి వెనక్కి వచ్చే దారి ఉండదు.

4. రెండు గ్రూపులనూ ఒకే చోటికి తీసుకురండి. మౌసుతో లాగి సరిపెట్టడం కన్నా, ఫార్మాట్ పేన్‌లో గ్రూపు స్థానం, కొలతలు చూపే అంకెలను రెండింటికీ ఒకేలా ఇవ్వడం మంచిది. మౌసుతో చేసినప్పుడు మీ కంటికి కనపడని చిన్న తేడా, బటన్ నొక్కిన ప్రతిసారీ తెర ఒక్క అంగుళం కుదిపినట్లు కనిపిస్తుంది. గ్రూపు పరిమాణం మారిస్తే లోపలి విజువల్స్ కూడా దాంతోపాటు పెరుగుతాయి, తగ్గుతాయి. కాబట్టి పరిమాణం మార్చిన తరువాత పట్టికలోని అక్షరాలు, నిలువు వరుసలు సరిపోతున్నాయో లేదో చూసుకోండి.

5. ఇప్పుడు “గ్రూపు – పట్టికలు” పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దాన్ని దాచండి, చార్టులు మాత్రమే కనిపించాలి. సెలక్షన్ పేన్‌లో కంట్రోల్ నొక్కి పట్టుకుని రెండు గ్రూపుల పేర్లనూ ఎంచుకోండి. ఒకటి దాగి ఉన్నా పేన్‌లో దాని పేరును ఎంచుకోవచ్చు. ఆ ఎంపిక అలాగే ఉండగా బుక్‌మార్క్స్ పేన్‌లో యాడ్ నొక్కి, వచ్చిన బుక్‌మార్క్‌కు “చార్టులు చూపు” అని పేరు పెట్టండి.

6. ఈ మెట్టు అసలు కీలకం. బుక్‌మార్క్ పేరు పక్కనున్న మూడు చుక్కల మీద నొక్కితే ఒక చిన్న మెనూ తెరుచుకుంటుంది. అందులో డేటా, డిస్‌ప్లే, కరెంట్ పేజ్ అనే మూడింటికీ మొదట్లో టిక్ పెట్టి ఉంటుంది. వాటి కింద ఆల్ విజువల్స్, సెలెక్టెడ్ విజువల్స్ అని రెండు ఉంటాయి, మొదట్లో ఆల్ విజువల్స్ ఎంపికై ఉంటుంది. మీరు డేటా పక్కనున్న టిక్ తీసేయండి, డిస్‌ప్లే టిక్ ఉంచండి, సెలెక్టెడ్ విజువల్స్‌ను ఎంచుకోండి. తరువాత రెండు గ్రూపులూ ఇంకా ఎంపికై ఉన్నాయని చూసుకుని, అదే మెనూలో అప్‌డేట్ నొక్కండి.

ఎందుకో ఒక్క మాటలో చెప్పాలంటే, బుక్‌మార్క్ అంటే పేజీకి తీసిన ఫొటో లాంటిది, అందులో ఏది కనిపిస్తోంది, ఏది దాగింది అన్నదే కాక ఆ క్షణంలో ఏ ఫిల్టరు ఉంది, ఏ స్లైసర్‌లో ఏది ఎంపికై ఉంది అన్నవీ పడతాయి. డేటా టిక్ తీసేస్తే ఫిల్టర్లూ స్లైసర్లూ ఆ ఫొటోలోకి రావు. ఇక సెలెక్టెడ్ విజువల్స్ అంటే మీరు ఎంచుకున్న రెండు గ్రూపుల స్థితిని మాత్రమే మార్చి, పేజీలోని మిగతావాటి జోలికి వెళ్లకపోవడం.

7. ఇప్పుడు తిరగేయండి. చార్టుల గ్రూపును దాచి, పట్టికల గ్రూపును చూపించి, మళ్లీ రెండు గ్రూపుల పేర్లనూ ఎంచుకుని, “పట్టికలు చూపు” అనే రెండో బుక్‌మార్క్ చేయండి. ఆరో మెట్టులోని మార్పులన్నీ దీనికీ చేయాలి. ఒకదానికి చేసి రెండోదానికి మరిచిపోవడం చాలా మామూలు. అప్పుడు ఒక దిశలో అంతా బాగుంటుంది, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం స్లైసర్ మారిపోతుంది.

8. బటన్లు పెట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది, ఇన్సర్ట్ ట్యాబ్‌లోని బటన్స్‌లో బ్లాంక్ బటన్‌ను రెండుసార్లు తెచ్చుకుని, ఫార్మాట్ పేన్‌లో యాక్షన్‌ను ఆన్ చేసి, టైప్ వద్ద బుక్‌మార్క్‌ను, దాని కింద సంబంధిత బుక్‌మార్క్ పేరును ఎంచుకోవడం. రెండోది, బుక్‌మార్క్స్ పేన్‌లో రెండు బుక్‌మార్క్‌లనూ ఎంచుకుని ఒక గ్రూపుగా చేసి, ఇన్సర్ట్ ట్యాబ్‌లో బటన్స్, నేవిగేటర్, బుక్‌మార్క్ నేవిగేటర్ వరుసలో వెళ్లి, వచ్చిన బటన్ల వరుసకు ఫార్మాట్ పేన్‌లో ఆ గ్రూపును చూపించడం. రెండోదాన్నే వాడమని నా సలహా. బుక్‌మార్క్ పేరు మారిస్తే బటన్ మీది పేరు దానంతటదే మారుతుంది, ఇప్పుడు ఏది నడుస్తోందో తెలిపేలా ఎంపికైన బటన్ రంగు కూడా వేరుగా కనిపిస్తుంది. ఇందులో బుక్‌మార్క్ పేరే బటన్ మీద పడుతుంది కాబట్టి దాన్ని చదివేవారికి అర్థమయ్యేలా పెట్టండి.

9. డెస్క్‌టాప్‌లో బటన్‌ను మామూలుగా నొక్కితే అది ఎంపికవుతుంది తప్ప పనిచేయదు. కంట్రోల్ నొక్కి పట్టుకుని క్లిక్ చేయాలి. “బటన్ పనిచేయడం లేదు” అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం. సర్వీసులో రీడింగ్ వ్యూలో తెరిచినవారికి మామూలు క్లిక్ చాలు.

10. సేవ్ చేసి పబ్లిష్ చేసే ముందు, రిపోర్టు తెరవగానే ఏది కనిపించాలో ఆ బటన్ నొక్కి ఉంచండి, స్లైసర్లలో ఏ ఎంపికా లేకుండా శుభ్రం చేయండి. మీరు ఏ స్థితిలో సేవ్ చేస్తారో కొత్తగా తెరిచేవారికి అదే స్థితి కనిపిస్తుంది. పట్టికలు కనిపిస్తుండగా, ఖమ్మం ఎంపికై ఉండగా పబ్లిష్ చేస్తే, తెల్లారేసరికి “మిగతా జిల్లాల అమ్మకాలు ఏమయ్యాయి?” అని ఫోను వస్తుంది.

సరిగా వచ్చిందో లేదో ఎలా చూడాలి

జిల్లా స్లైసర్‌లో ఖమ్మం, సీజను స్లైసర్‌లో రబీ ఎంచుకోండి. చార్టులు కనిపిస్తుండగా మొత్తం బస్తాల సంఖ్యను ఒక కాగితం మీద రాసుకోండి. పట్టికల బటన్ నొక్కండి. మొదట స్లైసర్ల వైపు చూడండి: ఖమ్మం, రబీ అలాగే ఉన్నాయా? తరువాత మ్యాట్రిక్స్ అడుగున ఉన్న మొత్తాన్ని చూడండి: రాసుకున్న అంకెతో కలిసిందా? ఇప్పుడు స్లైసర్‌లో గుంటూరుకు మార్చి, చార్టుల బటన్ నొక్కి తిరిగి రండి. గుంటూరు అలాగే ఉండాలి. వెళ్లేటప్పుడు బాగుండి వచ్చేటప్పుడు తప్పితే, ఒక బుక్‌మార్క్‌లో డేటా టిక్ మిగిలి ఉందన్నమాట. రెండు వైపులా తప్పితే రెండింటిలోనూ ఉంది. స్లైసర్లు సరిగా ఉండి మొత్తాలు కలవకపోతే తప్పు బుక్‌మార్క్‌ది కాదు. ఏదో ఒక విజువల్ మీద విడిగా ఫిల్టరు ఉంది, లేదా రెండు గ్రూపులూ వేర్వేరు మెజర్లను (లెక్క సూత్రాలను) వాడుతున్నాయి.

రెండో పరీక్ష వ్యూ ట్యాబ్‌లోని పెర్ఫార్మెన్స్ అనలైజర్‌తో చేయాలి. స్టార్ట్ రికార్డింగ్ నొక్కి రిఫ్రెష్ విజువల్స్ నొక్కితే, కనిపిస్తున్న విజువల్స్ పేర్లు, వాటికి పట్టిన సమయం వరుసగా వస్తాయి. దాచిన గ్రూపులోని చార్టులు ఆ జాబితాలో ఉండకూడదు. అవి ఉంటే దాగలేదు, వేరేదాని వెనక కప్పబడి ఉన్నాయని అర్థం. కొందరు తెల్లని డబ్బాను పైన పెట్టి దాచినట్లు అనుకుంటారు. అలా కప్పిన చార్టు పేజీ తెరిచిన ప్రతిసారీ లెక్క వేసుకుంటూనే ఉంటుంది, రిపోర్టు నెమ్మదిస్తుంది.

మూడో పరీక్ష, పబ్లిష్ చేసిన తరువాత వ్యూయర్ హక్కు మాత్రమే ఉన్న ఒక సహోద్యోగి చేత తెరిపించి చూడడం. మీ సొంత ఖాతాతో చూస్తే, మీరు ఇంతకుముందు ఎంచుకున్న ఫిల్టర్లను సర్వీసు గుర్తుంచుకుని ఉండవచ్చు. మీ ఖాతాతోనే చూడక తప్పకపోతే, రిపోర్టు పైనున్న రీసెట్ బటన్ నొక్కి మొదటి స్థితికి తెచ్చి అప్పుడు చూడండి.

తరచూ జరిగే పొరపాట్లు

*ఒక్క గ్రూపునే ఎంచుకుని బుక్‌మార్క్ చేయడం.* “చార్టులు చూపు” అంటే చార్టులు చూపించడం మాత్రమే కాదు, పట్టికలను దాచడం కూడా. చార్టుల గ్రూపును మాత్రమే ఎంచుకుని సెలెక్టెడ్ విజువల్స్ పెడితే, పట్టికలు ఎలా ఉంటే అలాగే ఉంటాయి. అప్పుడు చార్టులూ పట్టికలూ ఒకదానిపై ఒకటి పడి కనిపిస్తాయి. మూడు గ్రూపులుంటే ప్రతి బుక్‌మార్క్‌లోనూ మూడింటినీ ఎంచుకోవాలి, అందులో ఒకటి కనిపిస్తూ, రెండు దాగి ఉండాలి.

*దాగిన స్లైసర్.* అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే తెర మీద తప్పు జరిగినట్లు ఏ సూచనా కనిపించదు. ఎరువు రకం అనే స్లైసర్ చార్టులకు దగ్గరగా ఉంటే బాగుంటుందని దాన్ని చార్టుల గ్రూపులోనే చేర్చారనుకుందాం. చదివేవారు అందులో యూరియా ఎంచుకుంటారు, చార్టులు చూస్తారు, తరువాత పట్టికల బటన్ నొక్కుతారు. చార్టులతోపాటు స్లైసర్ కూడా దాగుతుంది. అయితే దాగిన స్లైసర్ ఫిల్టర్ చేయడం మానదు. పట్టికలో యూరియా అమ్మకాలు మాత్రమే ఉంటాయి. డీఏపీ, పొటాష్ అమ్మిన డీలర్ల అంకెలు తక్కువగా కనిపిస్తాయి, కొందరి పేర్లే ఉండవు. దాన్ని ఎక్సెల్‌లోకి దించుకుని డీలర్లకు బకాయిల లెక్క పంపితే గొడవ ఎక్కడిదాకా పోతుందో చెప్పనక్కర్లేదు.

అనుమానం వస్తే పట్టిక మీద మౌసు ఉంచండి. పైమూలలో వచ్చే ఫిల్టరు గుర్తు మీద మౌసు పెడితే, ఆ విజువల్‌ను ప్రభావితం చేస్తున్న ఫిల్టర్లు, స్లైసర్లు అన్నీ కనిపిస్తాయి. అందులో తెర మీద లేని స్లైసర్ పేరు కనిపిస్తే దొంగ దొరికినట్లే. పరిష్కారం ఆ స్లైసర్‌ను గ్రూపు నుంచి బయటకు తీసి పేజీ పైభాగంలో, ఎప్పుడూ కనిపించే చోట పెట్టడం. అది చార్టులకే వర్తించి, పట్టికలకు వర్తించకూడదనుకుంటే, స్లైసర్‌ను ఎంచుకుని ఫార్మాట్ ట్యాబ్‌లోని ఎడిట్ ఇంటరాక్షన్స్ నొక్కి, పట్టికల మీద కనిపించే నిషేధ గుర్తును ఎంచుకోండి.

*తరువాత చేర్చిన విజువల్.* బుక్‌మార్క్‌లు చేసిన తరువాత పేజీలో కొత్త చార్టు పెడితే, పాత బుక్‌మార్క్‌లకు దాని సంగతి తెలియదు, అది తన మామూలు స్థితిలో, అంటే కనిపిస్తూ, ఉండిపోతుంది. పట్టికల మధ్యలోంచి ఒక చార్టు తొంగిచూస్తోందంటే కారణం ఇదే కావచ్చు. సెలక్షన్ పేన్‌లో దాన్ని లాగి సరైన గ్రూపు కిందకు చేర్చి, రెండు బుక్‌మార్క్‌లనూ మళ్లీ అప్‌డేట్ చేయండి. విడివిడి విజువల్స్‌కు బదులు గ్రూపులు వాడమని మొదటినుంచీ చెప్పడంలో ఉద్దేశం ఇది కూడా: సరిచేయవలసినవి పది పేర్లు కాక రెండే ఉంటాయి.

*అప్‌డేట్ చేసేటప్పటి తొందర.* అప్‌డేట్ నొక్కితే బుక్‌మార్క్ ఆ క్షణంలోని తెరను పట్టుకుంటుంది. “చార్టులు చూపు” పక్కనున్న అప్‌డేట్‌ను పట్టికలు కనిపిస్తుండగా నొక్కితే రెండు బటన్లూ పట్టికలనే చూపిస్తాయి. కాబట్టి క్రమం ఎప్పుడూ ఒకటే: ముందు బుక్‌మార్క్ పేరు మీద నొక్కి దాని స్థితిలోకి వెళ్లండి, మార్పు చేయండి, రెండు గ్రూపుల పేర్లనూ ఎంచుకోండి, చివర అప్‌డేట్ నొక్కండి.

*పేజీని నకలు తీయడం.* తెలంగాణకు ఒక పేజీ తయారుచేసి, దాన్నే నకలు తీసి ఆంధ్రప్రదేశ్ పేజీగా మార్చుకోవడం చాలామంది చేసే పని. విజువల్స్, గ్రూపులు, బటన్లు నకలవుతాయి గానీ బుక్‌మార్క్‌లు కావు. కొత్త పేజీలోని బటన్లు పాత పేజీ బుక్‌మార్క్‌లనే పట్టుకుని ఉంటాయి. కరెంట్ పేజ్ టిక్ ఉంటే, ఆంధ్రప్రదేశ్ పేజీలో బటన్ నొక్కినవారు తెలంగాణ పేజీలో తేలతారు. కొత్త పేజీకి కొత్త బుక్‌మార్క్‌లు చేసి, బటన్లకు వాటిని ఇవ్వాలి. బుక్‌మార్క్ పేర్ల ముందు పేజీ పేరు చేర్చుకుంటే ఈ గందరగోళం తగ్గుతుంది.

*క్లిక్ చేయగానే వెనకున్నది ముందుకు రావడం.* వెనక డబ్బాగా వేసిన షేపు మీద చదివేవారు పొరపాటున నొక్కితే అది ముందుకు వచ్చి చార్టును కప్పేయవచ్చు. దాని ఫార్మాట్‌లో జనరల్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి మెయింటెయిన్ లేయర్ ఆర్డర్‌ను ఆన్ చేస్తే సరిపోతుంది.

దాచడం వేరు, రక్షణ వేరు

డీలర్లకు ఇచ్చే రిపోర్టులో మార్జిన్ల పట్టికను దాచేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. పీబీఐఎక్స్ ఫైలు చేతికి వచ్చినవారు సెలక్షన్ పేన్ తెరిచి కన్ను నొక్కితే అంతా కనిపిస్తుంది. సర్వీసులో సెమాంటిక్ మోడల్ (రిపోర్టు వెనకున్న డేటా) మీద బిల్డ్ హక్కు ఉన్నవారు ఎక్సెల్ నుంచి నేరుగా ఆ డేటాకు కనెక్ట్ కావచ్చు, వారికి మీ గ్రూపులతో పనే లేదు. 2023 నవంబరు వరకు డేటాసెట్ అని పిలిచినదే ఈ సెమాంటిక్ మోడల్.

ఎవరి జిల్లా అంకెలు వారే చూడాలంటే రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరుసలు కనిపించాలో నిర్ణయించే రక్షణ) పెట్టాలి. మోడలింగ్ ట్యాబ్‌లో మేనేజ్ రోల్స్ ద్వారా జిల్లాకొక రోల్ చేసి, పక్కనే ఉన్న వ్యూ యాజ్‌తో పరీక్షించి, పబ్లిష్ చేసిన తరువాత సర్వీసులో ఆ రోల్స్‌కు మనుషులను కేటాయించాలి. ఒక్క విషయం మరవకండి. సర్వీసులో రిపోర్టు ఉండే వర్క్‌స్పేస్‌లో అడ్మిన్, మెంబర్, కంట్రిబ్యూటర్ హోదా ఉన్నవారికి ఈ నియమం వర్తించదు, వ్యూయర్లకే వర్తిస్తుంది. “రోల్ పెట్టినా అన్ని జిల్లాలూ కనిపిస్తున్నాయి” అన్నప్పుడు మొదట చూడవలసినది ఆ మనిషి హోదా. ఇక మార్జిన్ల వంటి నిలువు వరుస అసలు ఎవరికీ చేరకూడదంటే, దాన్ని మోడల్‌లోనే లేకుండా వేరే రిపోర్టు చేయడం అన్నిటికన్నా నిశ్చింత.

బుక్‌మార్క్‌లు అక్కర్లేని సందర్భాలు

అదే చార్టును ఒకసారి బస్తాల్లో, ఒకసారి టన్నుల్లో చూపించడానికి రెండు గ్రూపులు చేసేవారున్నారు. అవసరం నిజమైనదే. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు కాబట్టి బస్తాల లెక్కలోనూ టన్నుల లెక్కలోనూ రకాల వాటా ఒకేలా ఉండదు. అయితే దీనికి చార్టును రెండుసార్లు వేయనక్కర్లేదు. 2022 మే విడుదలలో వచ్చిన ఫీల్డ్ పారామీటర్ ఇందుకే ఉంది. మోడలింగ్ ట్యాబ్‌లో న్యూ పారామీటర్, ఫీల్డ్స్ ఎంచుకుని, బస్తాలు, టన్నులు అనే రెండు మెజర్లనూ చేర్చి, స్లైసర్‌ను పేజీకి చేర్చే టిక్ ఉంచి, వచ్చిన పారామీటర్‌ను చార్టులోని విలువల స్థానంలో వేయండి. స్లైసర్‌లో ఏది నొక్కితే చార్టు ఆ లెక్కకు మారుతుంది. ఒకే చార్టు కాబట్టి తరువాత రంగు మార్చినా, శీర్షిక మార్చినా ఒక్కసారి చేస్తే చాలు. మారేది అంకె మాత్రమే అయితే ఫీల్డ్ పారామీటర్, మారేది విజువల్స్ అమరికే అయితే గ్రూపులూ బుక్‌మార్క్‌లూ వాడాలి.

గ్రూపులు నాలుగు దాటాయంటే వేర్వేరు పేజీలే మేలని నా అభిప్రాయం. ఒకే చోట ఐదారు పొరలు పేర్చిన పేజీని ఆరు నెలల తరువాత మార్చవలసి వచ్చినప్పుడు, దాన్ని తయారుచేసినవారికే తల తిరుగుతుంది. పేజీలుగా విడగొట్టి, వ్యూ ట్యాబ్‌లోని సింక్ స్లైసర్స్ పేన్‌లో జిల్లా, సీజను స్లైసర్లను అన్ని పేజీలకూ కలిపి, ఇన్సర్ట్ ట్యాబ్‌లోని పేజ్ నేవిగేటర్ పెడితే, చదివేవారికి అదే అనుభవం కలుగుతుంది, మీకు బుక్‌మార్క్‌ల బాధ ఉండదు.

పీడీఎఫ్ కావాలన్నవారు కూడా పేజీలనే ఎంచుకోవాలి. సర్వీసులో ఎక్స్‌పోర్ట్ మెనూ నుంచి పీడీఎఫ్ తీసేటప్పుడు కరెంట్ వాల్యూస్, డిఫాల్ట్ వాల్యూస్ అనే ఎంపిక వస్తుంది. ఏది ఎంచుకున్నా ఆ స్థితిలో కనిపిస్తున్న గ్రూపు మాత్రమే పీడీఎఫ్‌లో పడుతుంది, దాగినది పడదు. చార్టులూ పట్టికలూ రెండూ కాగితం మీద ఉండాలంటే అవి రెండు పేజీల్లో ఉండి తీరాలి.

బిల్లులు, స్టేట్‌మెంట్ల వంటి ముద్రించే రిపోర్టులను పవర్ బీఐ రిపోర్ట్ బిల్డర్‌లో తయారుచేసేవారికి దారి వేరు. అక్కడ బుక్‌మార్క్‌లతో పనిలేదు. కలిపి దాచవలసిన వస్తువులను ఒక రెక్టాంగిల్ లోపల పెట్టి, ఆ రెక్టాంగిల్ ప్రాపర్టీస్‌లోని విజిబిలిటీలో షో, హైడ్, లేదా ఎక్స్‌ప్రెషన్ ఆధారంగా నిర్ణయించే ఎంపికను వాడాలి. వస్తువులు నిజంగా లోపలికి చేరాయో లేదో తెలుసుకోవాలంటే రెక్టాంగిల్‌ను కొద్దిగా జరిపి చూడండి, అవి దాంతోపాటు కదలాలి. కదలకపోతే అవి పైన ఆనుకుని ఉన్నాయంతే. ఎక్స్‌ప్రెషన్ రాసేటప్పుడు ఆ ప్రాపర్టీ పేరు హిడెన్ అని గుర్తుంచుకోండి: షరతు నిజమైతే ఆ వస్తువు దాగుతుంది, కనిపించదు. “బకాయి సున్నా కన్నా ఎక్కువ” అని రాస్తే బకాయి ఉన్నవారికే బకాయి పెట్టె మాయమవుతుంది. రాయవలసింది “బకాయి సున్నా, లేదా అంతకన్నా తక్కువ” అని. పరీక్షించేటప్పుడు బకాయి ఉన్న డీలరుది ఒకటి, లేని డీలరుది ఒకటి, అంకె ఖాళీగా ఉన్నది ఇంకొకటి, ఈ మూడు రకాల స్టేట్‌మెంట్లూ తీసి చూడండి. అలాగే ప్లస్ గుర్తు నొక్కితే తెరుచుకునే వివరాలు పెట్టి ఉంటే, ఎక్సెల్‌లోకి తీసినప్పుడు అవి మడిచి తెరిచే వరుసలుగానే వస్తాయి, పీడీఎఫ్‌లోకి మాత్రం తీసే సమయానికి తెరిచి ఉన్నవే వస్తాయి.